ఎర్రనేలలో వాన లెక్క

జూలై మొదటి వారంలో అనంతపురంలో నార్పల బస్సు ఎక్కాను. మేనమామ ఊరికి వెళ్లి పదేళ్లయింది. ఫోనులో ఆయన అన్న మాట చెవిలోనే ఉంది: "పొలం అమ్మేదా, నాలుగో బోరు వేసేదా, తేలడం లేదు నాయనా. ఒకసారి వచ్చి పో."

బుక్కరాయసముద్రం దాటితే ఎర్రనేలలు మొదలవుతాయి. బుక్కరాయల పేరు మోస్తున్న ఇక్కడి చెరువు 14వ శతాబ్దం నాటిది. నీటిని నిలుపుకోకపోతే బతుకు నిలవదని ఈ సీమవారికి అప్పుడే తెలుసు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే నీటిని కుమ్మరించి, ఇక్కడికి వచ్చేసరికి వట్టి గాలులవుతాయి. ఈశాన్య రుతుపవనాలకు ఈ నేల దూరం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా అదనుకు పడదు.

ఒకప్పుడు ఈ పొలాల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక పండేవి. కందితో పప్పు, కొర్రతో అన్నం ఇంటనే సమకూరేవి. తరువాత వేరుశనగ వచ్చింది. ఇక్కడివారికి అది చెనిక్కాయ. అది చేతికి డబ్బు చూపింది, పశువులకు కట్టె ఇచ్చింది, నూనె మిల్లులను నడిపింది. క్రమంగా తిండిగింజలను పక్కకు నెట్టి, కనుచూపు మేర తానే పరచుకుంది. అయితే దాని గుణం ఒకటుంది. పువ్వు రాలాక ఊడ మట్టిలోకి దిగితేనే కాయ పడుతుంది. ఆ వేళకు నేల గట్టిపడితే ఊడ పైననే ఎండిపోతుంది. ఒక్క వాన తప్పితే ఏడాది కష్టమంతా పోయినట్టే. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచాక, పండిన కాయకు ధర పలుకుతుందన్న భరోసా కూడా సన్నగిల్లింది. మన వంటింటి నూనె చౌకైనప్పుడు ఆ భారం ఎక్కడో ఒక రైతు మీద పడిందని మనకు గుర్తుండదు.

నార్పల చేరువలో దృశ్యం మారింది. నీటి వసతి ఉన్నచోట అరటి తోటలు, చీనీ చెట్లు పచ్చగా ఉన్నాయి. గట్టుకు ఇవతల బీడు. ఒకే మట్టి, ఒకే ఎండ. తేడా అంతా నీటిలోనే ఉంది.

మామయ్య నన్ను ముందుగా పొలానికే తీసుకువెళ్లారు. మూడు బోర్లు చూపించారు. ఒకటి రెండేళ్లు పోసి ఆగింది. రెండోదానిలో తడి మట్టి మాత్రమే వచ్చింది. మూడోదానిలో దుమ్ము లేచింది. వాటి అప్పు తీర్చడానికే కొడుకు బెంగళూరు వెళ్లి కారు నడుపుతున్నాడు.

ఇంట్లో అత్తయ్య జొన్నరొట్టె, చెనిక్కాయ పొడి పెట్టారు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఈ నార్పల మండలంలోని బండ్లపల్లిలోనే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అత్తయ్య ఎన్నో వేసవులు ఆ పనికి వెళ్లి మట్టి ఎత్తారు. "ఆ కూలి డబ్బుతోనే పిల్లల పుస్తకాలు కొన్నాం. బోరు నుంచి ఒక్క పలక కూడా రాలేదు," అన్నారు. మామయ్య ఎదురు చెప్పలేదు.

రాత్రి ఆయన పాత లెక్కల పుస్తకం తెరిచారు. పంట ఇంటికి చేరిన ప్రతి ఏడూ తీసిన ఉష్ర్ అందులో రాసి ఉంది. వాన పంటకు పదో వంతు, నీరు తోడి పండించిన పంటకు ఇరవయ్యో వంతు. పేజీలు తిప్పుతూ కాసేపు మౌనంగా ఉన్నారు. "నీళ్లు తోడే కష్టాన్ని ధర్మం కూడా లెక్కలో వేసింది. నేను మాత్రం ఆ కష్టం లెక్క ఏనాడూ రాసుకోలేదు," అన్నారు. నిజమే. అమ్మిన కాయ ధర అందులో ఉంది కానీ, బోర్లకు పోసిన డబ్బు, దాని వడ్డీ ఎక్కడా లేవు. మేమిద్దరం కూర్చుని వాటిని రాశాం. తోడిన నీటితో పండించిన ఆ రెండేళ్ల ఆదాయం కంటే అప్పే పెద్దదని తేలింది.

తెల్లవారేసరికి ఆయన నిర్ణయానికి వచ్చారు. బోరు వేయరు, పొలం అమ్మరు. సగం నేలలో చెనిక్కాయ, నడుమ కంది సాళ్లు. మిగతా సగంలో కొర్ర. వాలు ఉన్నచోట వాననీటి కుంట. నాలుగు గొర్రెలు. "బోరు పోతే అప్పు మిగులుతుంది. కొర్ర పోయినా గడ్డి మిగులుతుంది," అన్నారు. కొడుకు ఇప్పుడే తిరిగి రాలేడు. ఆ మాట అన్నప్పుడు అత్తయ్య ముఖం తిప్పుకున్నారు.

ఆగస్టు చివర మామయ్య ఫోను చేశారు. ఊడలు దిగే వేళకు వాన రాలేదట, చెనిక్కాయ వాడిపోయిందట. కొర్ర మాత్రం వెన్ను వేసిందట. కంది నిలిచి ఉందట. పొలం అమ్మే మాట ఆయన ఎత్తలేదు.