ఆకాశంలో అలకపాన్పు

పెళ్ళిళ్ళలో తగవు ఎక్కడ పుడుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అది పీటల మీద కంటే విస్తళ్ళ ముందే ఎక్కువగా పుడుతుంది. పప్పు చల్లారిందని ఒకరు, అప్పడం రెండోసారి రాలేదని ఇంకొకరు, తమ బంతికి గారెలు చాలలేదని మరొకరు లేచిపోయిన కథలు ప్రతి కుటుంబంలోనూ ఉన్నాయి. వారికి కావలసింది నిజానికి అప్పడం కాదు, తమను గుర్తించారన్న తృప్తి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఈ అనుభవంలో నుంచే వచ్చింది. మరి వడ్డించేవారి పేరైనా తెలియని చోట, ముప్పయి వేల అడుగుల ఎత్తున, లేచి వెళ్ళిపోవడానికి వీలు లేని బంతిలో ఈ అలక ఏ రూపం తాలుస్తుంది?

2022 డిసెంబరులో ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో భోజనం విషయమై ఒక ప్రయాణికుడికీ విమాన సేవికకూ మాటామాటా పెరిగింది. తాను సంస్థ ఉద్యోగినే గాని మీ నౌకరును కానని ఆమె అన్నది. పక్కవారు సెల్‌ఫోనులో తీసిన ఆ దృశ్యం దేశమంతా తిరిగింది. చూసినవారు రెండు పక్షాలుగా చీలిపోయారు. డబ్బిచ్చినవాడితో ఇలాగేనా మాట్లాడేది అని ఒక పక్షం. డబ్బిస్తే మనిషిని కొన్నట్లేనా అని మరొక పక్షం.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. 2014 డిసెంబరు 5న న్యూయార్క్ విమానాశ్రయంలో కొరియన్ ఎయిర్ సంస్థ ఉపాధ్యక్షురాలు, సంస్థ అధినేత కుమార్తె కూడా అయిన ఒకామె, తనకు మకడేమియా గింజలను పాత్రలో కాక సంచిలోనే అందించారని మండిపడింది. కదిలిన విమానాన్ని వెనక్కు తిప్పించి, సేవక బృందం పెద్దను దింపివేయించింది. 2015 ఫిబ్రవరిలో సియోల్ న్యాయస్థానం ఆమెకు ఏడాది జైలు శిక్ష విధించింది. తరువాత పై న్యాయస్థానం శిక్షను తగ్గించి విడిచిపెట్టింది. ఒక గుప్పెడు గింజల వెనుక ఎంత అహం దాగి ఉంటుందో ఆ ఉదంతం లోకానికి చూపింది.

ఈ సంగతులు నన్ను కేవలం వార్తలుగా వదిలిపెట్టకపోవడానికి కారణం మా అక్కయ్య కూతురు. డిగ్రీ పూర్తిచేసి ఆమె విమాన సేవికగా చేరతానన్నప్పుడు మా అక్కయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ఊరివాళ్ళ ఎంగిలి ఎత్తడానికా తల్లీ నిన్నింత చదివించింది?" అన్నది ఆవిడ మాట. పిల్ల మాత్రం తల్లిని ఎదిరించలేదు, తన నిర్ణయం మార్చుకోలేదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఆమెకు ఎదురైన సంఘటన ఇది. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే సాయంకాలపు విమానం. సుమారు 180 మంది ప్రయాణికులు, సేవకులు నలుగురు. బండి వెనుక వరుసలకు చేరేసరికి తినుబండారాలన్నీ అయిపోయాయి. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన మొదట విసుక్కున్నారు, తరువాత కేకలు వేశారు, చివరకు ఆమె ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసును విసిరికొట్టారు. నీళ్ళు ఆమె ముఖాన చిందాయి. ముందు వరుసలో ఎవరో సెల్‌ఫోను ఎత్తి పట్టుకున్నారు.

"నోటిదాకా మాట వచ్చింది మామయ్యా," అని చెప్పింది ఆమె. "అప్పుడు ఆయన చేతులు చూశాను. వణుకుతున్నాయి. నుదురంతా చెమట."

ఆయనకు చక్కెర వ్యాధి. విమానంలో భోజనం పెడతారన్న నమ్మకంతో, తినడానికి ముందు వేసుకోవలసిన మాత్రను ముందే వేసుకున్నారు. కొడుకు కొన్న చవక టిక్కెట్టులో భోజనం లేదన్న సంగతి ఆయనకు తెలియదు. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు వణుకూ చెమటలే కాదు, అకారణమైన కోపం కూడా వస్తుంది. శిక్షణలో నేర్పిన పాఠం ఆమెకు గుర్తుకు వచ్చింది. పండ్లరసంలో పంచదార కలిపి ఆయన చేత తాగించి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నది. పావుగంటకు పెద్దాయన తేరుకున్నారు. "ఏమైనా అన్నానా అమ్మా?" అని అడిగారట.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. వారం తరువాత కొడుకు దగ్గర నుంచి ఫిర్యాదు వచ్చింది: మా నాన్నగారికి డబ్బిస్తామన్నా తిండి పెట్టలేదని. సంస్థవారు ఆమెను సంజాయిషీ అడిగారు. ఎన్ని పొట్లాలు ఎక్కించాలో నిర్ణయించింది ఆమె కాదు. భోజనం లేని టిక్కెట్టు అమ్మింది ఆమె కాదు. అయినా జవాబు రాయవలసింది ఆమే. దేవుడు వరమిచ్చినా పూజారి అడ్డుపడ్డాడని భక్తుడు తిట్టుకున్నట్లుగా, ప్రయాణికుడి కోపమంతా కంటికి కనిపించే ఆ ఒక్క మనిషి మీదకే పోతుంది.

ప్రయాణికుడి పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. 1953లో ఏర్పడిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కాలంలో విమానం ఎక్కేవారు కొద్దిమంది. వారికి భోజనం టిక్కెట్టులోనే కలిసి ఉండేది. 2003లో ఎయిర్ డెక్కన్‌తో మన దేశంలో చవక విమానయానం మొదలైంది. రైలు తప్ప ఎరుగని కుటుంబాలు విమానం ఎక్కాయి. అది గొప్ప మార్పు. కాని ధర తగ్గించడానికి సంస్థలు ఒక్కొక్కదాన్నే టిక్కెట్టు నుంచి విడదీశాయి. భోజనానికి వేరే వెల, నచ్చిన సీటుకు వేరే వెల. మోకాళ్ళు ముందు సీటుకు తగులుతుండగా, గంటల తరబడి నిరీక్షణ తరువాత, "అయిపోయిందండీ" అన్న మాట వింటే ఎంతటి శాంతస్వభావుడికైనా ఒళ్ళు మండుతుంది. పైగా విమానంలోని పొడిగాలికీ తక్కువ పీడనానికీ నాలుక మొద్దుబారి, ఉప్పూ తీపీ సరిగా తెలియవు. నేల మీద వండి, చల్లబరచి, పైన మళ్ళీ వేడిచేసిన ఆ వంట రుచించకపోవడంలో వంటవాడి తప్పు కొంతే.

అయితే లెక్క రెండోవైపు నుంచి కూడా వేసి చూడాలి. రెండు గంటల పై ప్రయాణంలో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పోగా బండి నడపడానికి మిగిలేది ఎనభై నిమిషాలు. రెండు బండ్లు, ఒక్కొక్కదానికి తొంభై మంది. తలకు నిమిషం కూడా రాదు. ఆ నిమిషంలోనే అడగాలి, అందించాలి, డబ్బు తీసుకోవాలి, చిల్లర ఇవ్వాలి, నవ్వాలి. ఆ నవ్వు కూడా ఉద్యోగంలో భాగమేనని, దానికీ ఒక శ్రమ ఉన్నదని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన సేవికలను పరిశీలించి రాసిన గ్రంథంలో వివరించారు. చేతులు అలసిపోతే తెలుస్తుంది; ముఖం అలసిపోతే ఎవరికీ కనిపించదు.

ఇంతకూ వారు విమానంలో ఉన్నది వడ్డించడానికేనా? 1930 మే నెలలో తొలి విమాన సేవికగా పనిచేసిన ఎలెన్ చర్చ్ నర్సు. నేడు సేవకుల సంఖ్యను నిర్ణయించేది భోజనాల లెక్క కాదు. యాభై సీట్లకు ఒకరు ఉండాలన్న భద్రతా నియమం. సగం ద్వారాలు మూసుకుపోయినా 90 సెకన్లలో అందరినీ బయటికి పంపగలగాలన్న కొలతతో విమానాలకు అనుమతి ఇస్తారు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం తీర రక్షక దళ విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకున్నది. ఆ చిన్న విమానంలో ఐదుగురు మరణించారు. పెద్ద విమానంలోని 379 మందీ బ్రతికి బయటపడ్డారు. లోపలి మైకులు పనిచేయలేదు, ఎనిమిది ద్వారాలలో మూడే పనికివచ్చాయి. సేవకులు గొంతెత్తి చెప్పిన మాటను ప్రయాణికులు విన్నారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాకర్ల తుపాకుల ఎదుట ప్రయాణికులను కాపాడుతూ ఇరవైరెండేళ్ళ నీర్జా భానోత్ ప్రాణమిచ్చింది. మన ప్రభుత్వం ఆమెకు మరణానంతరం అశోకచక్ర ప్రకటించింది.

అటువంటి వృత్తికి మనం ఇచ్చిన గౌరవం ఎంత? మొదటిసారి గర్భం ధరించగానే ఎయిర్ ఇండియా సేవికను ఉద్యోగం నుంచి తొలగించవచ్చునన్న నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది 1981లో మాత్రమే. ప్రయాణికుల దురుసు ప్రవర్తనను అరికట్టడానికి పౌర విమానయాన శాఖ 2017లో నిబంధనలు చేసింది. నోటి దురుసుతనానికి మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాపాయం కలిగిస్తే రెండేళ్ళు లేదా అంతకు పైగా విమాన ప్రయాణ నిషేధం. చట్టం అవసరమే. కాని అది తప్పు జరిగిన తరువాత వచ్చేది.

తప్పు జరగకముందు చేయదగినవి చిన్న పనులు. టిక్కెట్టులో భోజనం ఉన్నదో లేదో ముందే చూసుకోవడం. వృద్ధులతో, రోగులతో చిన్న పొట్లం కట్టి పంపడం. సేవిక పెడసరంగా మాట్లాడితే, అటువంటివారూ లేకపోలేదు, కేకలు వేయక తేదీ, సమయం వేసి సంస్థకు ఉత్తరం రాయడం. సంస్థలు చేయవలసినది ఇంకా ముఖ్యం: లోపం తమదైనప్పుడు సంజాయిషీ తామే ఇవ్వడం.

మా మేనకోడలు ఆ సంజాయిషీలో పెద్దాయన గ్లాసు విసిరిన సంగతి రాయలేదు. ఎందుకని అడిగాను. "అది ఆయన చేసింది కాదు గదా మామయ్యా, ఆకలి చేసింది," అన్నది. ఈ మాట నేను మా అక్కయ్యకు చెప్పాను. ఆవిడ చాలాసేపు ఊరుకున్నది. ఆ తరువాత ఎంగిలి అన్న మాట ఆవిడ నోట మళ్ళీ నేను వినలేదు. ఇప్పుడు చుట్టాలెవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, "విమానంలో అందరినీ చూసుకుంటుంది," అని చెబుతున్నది.