లోపలనున్న వారెవరు?

మన రాజాములో 1997వ సంవత్సరమున జి.ఎం.ఆర్. సాంకేతిక కళాశాల ఆరంభమైనది. కంప్యూటరు పని నేర్చిన బిడ్డలు నేడు మన సంఘములలోను కలరు. వారి పనిలో, అనగా నా పనిలోను, చిన్న సంగతి యొకటి మీతో చెప్పవలెనని యున్నది.

దూరపు పట్టణమున సర్వరు అను కంప్యూటరు ఉండును. మనము ఇచ్చటనే కూర్చుండి దానిలో ప్రవేశించి పనిచేయుదుము. అట్లు ప్రవేశించిన ఒక్కొక్కరి చోటునకు సెషను అని పేరు. విండోస్ సర్వరులో దానిని కాచువారికి, వేరుగా లైసెన్సు కొననియెడల, ఒకే సమయమున రెండు చోట్లే దొరకును. లాగాఫ్ చేసినవాడు తన చోటు విడుచును. కిటికీ మాత్రము మూసి లేచినవాడు విడువడు. అతడు ఇంటికిపోయి నిద్రించుచున్నను అతని పేరు అచ్చటనే కూర్చుండియుండును. పాత విండోస్ సర్వరులలో ఇట్టివారు ఇద్దరైనచో మూడవవాడు వాకిటనే నిలుచువాడు. సత్రములో స్థలము దొరకనివారి సంగతి మనకు క్రొత్తది కాదు గదా!

దీనికి ఉపాయము కలదు. నల్లని తెరమీద 'క్వెరీ సెషన్' అని సర్వరు పేరుతో వ్రాసిన, లోపలివారి పేర్లును సంఖ్యలును కనబడును. 'రీసెట్ సెషన్' అని ఆ సంఖ్య వ్రాసిన, చోటు ఖాళీయగును. తగిన అధికారము గలవాడు వెలుపలినుండియే ఇది చేయవచ్చును. అయితే ఆ ఆజ్ఞ లోపలివానిని అడుగదు, హెచ్చరింపదు. అతడు భద్రపరచని వ్రాత పోయినట్లే.

ఒక నెలాఖరు సాయంకాలము జీతములు పంపు తొందరలో రెండు చోట్లును నిండియుండెను. ఒకరు పనిలో ఉండిరి. రెండవవారు కిటికీ మూసి వెళ్లిరి. "తీసెయ్యండి సార్, ఆయన లేరు కదా," అనెను ప్రక్కనున్న కుర్రవాడు. తెరమీదికి సందేశము పంపు ఆజ్ఞ కలదు గాని, కిటికీ మూసినవాడు దానిని చూడలేడు. కనుక ఫోను చేసితిని. ఆయన ఆసుపత్రిలో తల్లి ప్రక్కన ఉండెను.

"బాబూ, ముట్టకండి! కూలీల హాజరు లెక్క సేవ్ చెయ్యకుండా వచ్చేసేను."

పది నిమిషములలో తన ఫోనునుండియే ప్రవేశించి, లెక్క భద్రపరచి, చోటు విడిచెను. ఆ రాత్రి జీతములు వెళ్లినవి. కూలీల దినములును పోలేదు.

అందని కబురు ఎట్టిదో రాజామువారికి చెప్పనక్కరలేదు. 1757లో బొబ్బిలి కోట కూలునప్పుడు తాండ్ర పాపారాయుడు ఇచ్చట నుండెననియు, కబురు సకాలమున చేరలేదనియు మన పెద్దలు చెప్పుదురు.

మా సంఘపు పుస్తకములోను, చాలకాలముగా ఆరాధనకు రానివారి పేర్లు కొట్టివేయుదమను మాట వచ్చినది. పదకొండు పేర్లు. కలము తీయకమునుపు ఇండ్లకు వెళ్లుదమని నేనంటిని. ఇప్పటికి నాలుగిండ్లు చూచితిమి. ఒక కుటుంబము కట్టడపు పనికి చెన్నపట్నము వలసపోయినది. ఒక అవ్వ మోకాళ్ల నొప్పిచేత గడప దాటలేకున్నది. మమ్మును చూచి, ఇన్నాళ్లకా వచ్చితిరని అడిగెను. మిగిలిన ఇండ్లకు ఈ శనివారము వెళ్లెదము.