మఱియు బృందము

మా పాఠశాల వార్షికోత్సవమునకు కార్యక్రమ పత్రిక వ్రాయు పని పదునాఱేండ్లుగా మాదే. ప్రార్థన, స్వాగత వచనము, నివేదిక, బహుమతి ప్రదానము, నాటిక, జాతీయ గీతము, వీని వరుస మాకు కంఠస్థమై యున్నది. అధ్యక్షులవారి పేరును బిరుదులతో వ్రాయుదుము. ఉపన్యాసకుల పేర్లు వ్రాయుదుము. నాటికలో రాజు వేషము వేయు బాలుని పేరును, వాని వెనుక ఈటె పట్టుకొని ఊరక నిలుచు భటుల పేర్లను గూడ వ్రాయుదుము. పాట వచ్చుసరికి మాత్రము "బాలికల బృందగానము" అని యొక పంక్తి వ్రాసి ముందునకు సాగుదుము. ఇందు తప్పు కలదని మాకెన్నడును తోచలేదు.

ఈ సంవత్సరము ఆ కాగితమును అచ్చునకు పంపబోవు దినమున పదవ తరగతి బాలిక యొకతె మా బల్ల యొద్దకు వచ్చి నిలిచెను. "సార్, నాటికలో భటులకు గూడ పేర్లున్నవి. మేము నెల దినములనుండి పాట నేర్చుకొనుచున్నాము. మా పేర్లు లేవేమి సార్?" అని యడిగెను. "కాగితమున చోటు చాలదమ్మా" అంటిమి. కాగితము మా చేతిలోనే యుండెను. దాని యడుగున మూడు వ్రేళ్ల వెడల్పు ఖాళీ యుండెను. ఆ బాలిక దానిని చూచెను. మేము చూచుటయు చూచెను. "మంచిది సార్" అని వెడలిపోయెను. ఆ "మంచిది" అను మాట ఆ సాయంకాలమంతయు మమ్ము విడువలేదు.

పంజగుట్ట నుండి అమీరుపేటలోని మా ఇంటికి మేము నడచియే పోవుదుము. పైన మెట్రో రైలు దారి, క్రింద బండ్ల రొద. అమీరుపేట చేరువగు కొలది పేర్లు దట్టమగును. శిక్షణ కేంద్రముల ఫలకములమీద బోధకుల పేర్లు, వారి ఫోటోలు, ఉద్యోగములు సంపాదించిన శిష్యుల పేర్లు; ఒక గోడపై చోటు చాలకున్న ప్రక్క గోడపైకి ప్రాకును. ఈ పేటలోనే 1956లో సారథి స్టూడియో వెలసినది. తెఱమీద పేర్లు చూచి మురిసిన జనము ఈ వీధులలో మూడు తరములుగా తిరుగుచున్నారు. ఇన్ని పేర్ల నడుమ నడచుచు, పేరు లేని యొక పాటను మేము తలంచుకొంటిమి.

అది 1986వ సంవత్సరము. మేము మొదటి తరగతి చదువుచుంటిమి. మా చిన్నమ్మయు, మా సంఘములోని మఱి ముగ్గురు స్త్రీలును ఒక క్రైస్తవ గీతముల క్యాసెట్టునకు వెనుక గొంతులు పాడిరి. ఆ క్యాసెట్టు మా ఇంట చాలకాలము ప్రతి ఆదివారమును మ్రోగెను. అక్షరములు కూడబలుకుకొనుటకు అప్పుడప్పుడే నేర్చుకొనుచున్న మేము దాని అట్టపై మా చిన్నమ్మ పేరు వెదకితిమి. రచయిత పేరు కలదు, బాణీ కట్టినవారి పేరు కలదు, ప్రధాన గాయకుని పేరు పెద్ద అక్షరములతో కలదు. చివర "మఱియు బృందము" అని యుండెను. బృందము అనునది ఎవరో యొక స్త్రీ పేరు కాబోలునని మేము తలచితిమి. మా చిన్నమ్మ నవ్వి, "అది నేనే బిడ్డా" అనెను.

మా సంఘములో గిటారు వాయించు యువకునితో ఈ సంగతి చెప్పగా, అతఁడు మాకు అమెరికా పాట యొకటి వినిపించెను. ఫంక్ అను గానరీతి 1960వ దశకమున అచ్చటి నల్లజాతి సంగీతకారుల చేతిలో రూపొందినదట. అందు రాగవిస్తారము కంటె లయ ముఖ్యము. జేమ్స్ బ్రౌన్ అను గాయకుఁడు ప్రతి ఆవర్తమునను మొదటి దెబ్బ బలముగా పడవలెనని తన వాద్యగాండ్రకు నేర్పెను. మన కోలాటమున కఱ్ఱలన్నియు ఒక్కసారి కలియు చోటు ఎట్టిదో, ఆ మొదటి దెబ్బయు అట్టిది.

మాకు వినిపించిన పాట లిటిల్ సిస్టర్ అను ముగ్గురు యువతులది. వేట్టా స్టూవర్ట్, మేరీ మెక్‌క్రియరీ, ఎల్వా మౌటన్ అని వారి పేర్లు. వీరు మొదట దేవాలయ గీతములు పాడు బృందమువారు. వేట్టా యన్న స్లై స్టోన్ జగమెఱిగిన సంగీతకారుఁడు. ఆయన మేళపు పాటలలో వెనుక వినబడు గొంతులు ఈ ముగ్గురివి. తమ పేరుతో వారు వెలువరించినవి 1970లో రెండు చిన్న రికార్డులు మాత్రమే. వానిలో నొకటి యంత్రతాళమును వాడి ప్రజాదరణ పొందిన తొలి పాటలలో నొకటిగా నేఁడు చెప్పబడుచున్నది. అయినను వారు పెద్ద రికార్డు నొక్కటియు తీసికొని రాలేదు. డాన్ సిల్వా, లిన్ మాబ్రీ అను మఱి యిద్దరు స్లై స్టోన్ వెనుకను, పిదప జార్జి క్లింటన్ మేళము వెనుకను పాడి, 1978లో "బ్రైడ్స్ ఆఫ్ ఫంకెన్‌స్టైన్" అను పేరుతో ముందునకు వచ్చిరి. ఫంక్ అనగానే లోకము మేళనాయకులైన పురుషులను తలంచును. ఆ పాటలను జనుల నోట నిలిపిన పల్లవులు పెక్కు ఈ స్త్రీల గొంతులనుండి వచ్చినవే.

ఇది దూరదేశపు కథ యని యెంచనక్కఱలేదు. మన పిల్లలు స్వాతంత్ర్య దినమున పాడు "జయ జయ ప్రియ భారత" గీతము ఎవరిదని తరగతిలో అడిగినచో, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిదని పదిమంది చేతులెత్తుదురు. దాని బాణీ ఎవరిదని అడిగినచో ఒక్క చేయియు లేవదు. ఆ బాణీ కృష్ణశాస్త్రిగారి మేనకోడలు వింజమూరి అనసూయాదేవిగారిది. ఆమె 1920లో కాకినాడలో జన్మించి, 2019లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున కన్నుమూసిరి. ఆమెయు, చెల్లెలు సీతాదేవిగారును కలసి వింజమూరి సోదరీమణులని పేరొందిరి. పొలమునను, తిరుగలి యొద్దను, ఊయల యొద్దను పాడుకొను పాటలు కచేరీ వేదికకు తగవని పెద్దలు తలంచు కాలమున, ఆ పాటలను ఈ అక్కచెల్లెండ్రు వేదికకును రేడియోకును ఎక్కించిరి. సీతాదేవిగారు హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీత నిర్మాతగా పనిచేసిరి. తెలంగాణ రైతాంగ పోరాటమును గూర్చి 1980లో విడుదలయైన "మా భూమి" చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో ఆమె యొకరు. పంజగుట్టనుండి ఖైరతాబాదు మీదుగా నాలుగు స్టేషనులు పోయిన ఆ రేడియో భవనము చేరువ యగును. మేము ఎన్నియో మారులు దాని ముందుగా పోతిమి. ఒక్కమారును ఆమెను తలంచుకొనలేదు.

ఆ ఆదివారము ఆరాధన ముగిసిన పిదప మా చిన్నమ్మ యింటికి పోతిమి. ఆమెకు డెబ్బది దాటినవి. అమీరుపేట సందులో, క్రింది వాటా వసతిగృహమునకు అద్దెకిచ్చి మీది గదిలో నున్నది. క్యాసెట్టు మాట యెత్తగానే ఆమె ముఖము వికసించెను.

"గదిలో ఒకటే మైకు బిడ్డా. నలుగురము దాని చుట్టు నిలువవలె. నా గొంతు పెద్దది గనుక నన్ను రెండడుగులు వెనుకకు నిలిపిరి. సన్నని గొంతు గల ఆమెను ముందర నిలిపిరి. నలుగురి గొంతు ఒక్క గొంతువలె వినబడవలె గదా! ఒకరు తప్పినచో అందరము మొదటినుండి పాడవలె. ఫ్యాను తిరిగిన చప్పుడు వచ్చునని ఆర్పివేసిరి. చెమటతో చీరలు తడిసిపోయినవి."

"పాటలో మీ పని యేమి చిన్నమ్మా?" అని యడిగితిమి.

"గాయకుఁడు ఊపిరి తీసికొనునప్పుడు పాట క్రింద పడకుండ పట్టుకొనుట. మేము ఊపిరి తీసికొనునది ఎవరికిని వినబడకూడదు. అందుకని ఒకరి తరువాత ఒకరము దొంగచాటుగా తీసికొనెడివారము."

బృందగానమును గూర్చి ఇంతకంటె చక్కని పాఠము మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వినలేదు. మేము కలము తీసి, ఈ సంచికకు వ్యాసము వ్రాయుదుమనియు, ఆమె పేరు అచ్చు వేయింతుమనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు.

"నలుగురము పాడితిమి. నా పేరు నాకు తెలియును, మా మరియమ్మ గాయకబృందములో నా ప్రక్కన నిలుచు ఆమె పేరు తెలియును" అని చెప్పబోయి, ఆ పేరు మాత్రము మా చెవిలో చెప్పెను. "మూడవ ఆమె ఎఱ్ఱగడ్డనుండి బస్సులో వచ్చెడిది. నాలుగవ ఆమె చంటిపాపను ఎత్తుకొని వచ్చి, పాడునంతసేపు బయట ఎవరికో ఇచ్చెడిది. ఆ పాప ఏడ్పు గూడ జ్ఞప్తి యున్నది; తల్లి పేరు జ్ఞప్తికి రాదు. నా ఒక్కదాని పేరు వేసినచో అది ఆ పాట కాదు బిడ్డా. నాలుగు పేర్లు దొరికిన నాఁడు వేయుము."

1986లో అట్టపై పేర్లు వేయుటకు ఒక పంక్తి చాలియుండును. నేఁడు వెదకినను రెండు పేర్లు దొరకుట లేదు. మఱపు అనునది ఎవరో పగబట్టి చేయు పని కాదు. మావంటి వాఁడొకఁడు, చోటు చాలదని చెప్పి, ముందునకు సాగుటచే జరుగు పని.

మఱునాఁడు ఉపాధ్యాయుల గదిలో ఈ మాట చెప్పగా, వయసున పెద్దయైన సహోపాధ్యాయులొకరు అడ్డు చెప్పిరి. "దేవుని స్తుతించు పాటకు మనుష్యుల పేర్లేల? పిల్లలకు గర్వము నేర్పుదుమా?" అనిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. మేము రాత్రి దానినే తలపోసితిమి. నిర్గమ కాండములో మిర్యాము వెంట తంబురలతో బయలుదేరిన స్త్రీలు అనేకులు. వారిలో మిర్యాము పేరు తప్ప వేఱొక పేరు మనకు చేరలేదు. కాని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయమున ఫీబే, ప్రిస్కిల్ల, త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు అని స్త్రీల పేర్లు వరుసగా కలవు. గర్వమును ఖండించిన అపొస్తలుఁడే, ప్రయాసపడినవారి పేర్లు పలుకుట గర్వమని యెంచలేదు. తన పేరు తాను చాటుకొనుట వేఱు. ఒకరి పనిని మఱియొకరు పేరుతో ఒప్పుకొనుట వేఱు. మొదటిది గర్వము కావచ్చును; రెండవది ఋణము తీర్చుట. ఇట్లు చెప్పగా ఆ పెద్దలు నవ్వి, "అయినచో భటుల పేర్లకంటె పెద్ద అక్షరములు వేయకుఁడు" అనిరి. అందుకు ఒప్పుకొంటిమి.

మేము ఆ బాలికను పిలిచి, మొదట మా తప్పు ఒప్పుకొని, పేర్లు వ్రాసి తెమ్మంటిమి. ఆమె తెచ్చిన కాగితమున నాలుగు కాదు, ఐదు పేర్లుండెను. "పాడువారు నలుగురు గదా?" అంటిమి. "అయిదవ ఆమె మాతో మూడు వారములు నేర్చుకొన్నది సార్. జ్వరము వచ్చి ఆగిపోయినది. రెండవ చరణములో క్రింది స్వరము పట్టు పద్ధతి ఆమెయే కనుగొన్నది. ఆమె పేరు లేకున్న ఎట్లు సార్?" అనెను. మేము ఏమియు నేర్పకయే ఆ పిల్లలకు తెలిసిన న్యాయమది. ఐదు పేర్లును అచ్చు వేయించితిమి. ఉత్సవము నాఁటి కార్యక్రమ పత్రిక ఎవరి యింటనైన నుండినచో, అడుగున ఆ మూడు వ్రేళ్ల చోటున వానిని చూడవచ్చును.

ప్రియ విద్యార్థులారా, ఈ సంచిక చేతికందిన రాత్రి మీ యింటిలోని అమ్మమ్మను, నాయనమ్మను, మేనత్తను ఒక ప్రశ్న యడుగుఁడు: మీరెప్పుడైన ఎవరితోనైన కలసి పాడితిరా? ప్రక్కన ఎవరు నిలిచిరి? చెప్పిన పేర్లను ఆ రాత్రియే వ్రాసికొనుఁడు. తల్లిదండ్రులారా, 1986 ప్రాంతమున ఎఱ్ఱగడ్డనుండి అమీరుపేటకు బస్సులో వచ్చి పాడిన స్త్రీని గాని, చంటిపాపతో వచ్చిన స్త్రీని గాని మీరెఱిగినచో, పాఠశాలలో మాకు తెలుపుఁడు. మా చేతిపుస్తకములో రెండు పేర్లు వ్రాసితిమి. వాని క్రింద రెండు పంక్తులు ఖాళీగా నుంచితిమి. చోటు చాలును.