పచ్చికకు పంచాంగం ఒక్కటి కాదు

విత్తు మంచిదైనంత మాత్రాన చాలదు. వేళ కూడా మంచిది కావాలి. రైతు దీనినే అదను అంటాడు. పెరటి పచ్చికకు సైతం అదను ఉన్నది.

శీతల దేశాల తోటమాలులు ఆగస్టు చివరి నుండి సెప్టెంబరు మధ్య వరకు పచ్చిక విత్తనాలు చల్లుతారు. వేసవి వేడిమి నేలలో ఇంకా నిలిచి ఉండటం చేత గింజ త్వరగా మొలకెత్తుతుంది. గాలి చల్లబడటం చేత లేత మొలక వాడదు. కలుపు ఉధృతి తగ్గుతుంది. మంచు పడేలోగా వేరు కుదురుకొంటుంది. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రైగ్రాస్ వంటి జాతులకు ఇదే తగిన కాలం.

పుదుచ్చేరి పట్టణంలో నివసించే ఒక విశ్రాంత ఉద్యోగికి విదేశంలోని కుమారుడు అటువంటి విత్తనాలు పంపాడు. పొట్లంపై అచ్చువేసిన గడువును ఆయన తు.చ. తప్పక పాటించాడు. మొలిచినవి కొన్ని, వాటిలో చాలా భాగం అక్టోబరు వానలకు కొట్టుకొనిపోయింది. మిగిలినది ఏప్రిల్ ఎండకు మాడిపోయింది. దూరాన ఉన్న బిడ్డ కానుకను నిలుపుకోలేకపోతినే అన్న బాధ ఆయనను చాలాకాలం వెన్నాడింది.

లోపం ఆ చేతిలో లేదు, విత్తనంలోనూ లేదు. శరత్తు అనే మాట రెండుచోట్లా ఒక్కటే; దాని వెనుకనున్న ఆకాశం మాత్రం వేరు. పుదుచ్చేరిలో ఏటా కురిసే సుమారు 1300 మిల్లీమీటర్ల వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే ఈశాన్య ఋతుపవనాల వలన కురుస్తుంది. అక్కడ మొలకను లాలించే ఋతువు ఇక్కడ దానిని ముంచెత్తుతుంది. ఏ మొక్క ఈ నేలకు పొసగునో పరీక్షించుటకే ఫ్రెంచివారు 1826లో ఈ పట్టణంలో వృక్షోద్యానాన్ని నెలకొల్పారు.

ఈ నేలకు పొసగే పచ్చిక మన గరికయే. వృక్షశాస్త్రజ్ఞులు దానిని సైనోడాన్ డాక్టిలాన్ అంటారు. అది ఎండను ప్రేమిస్తుంది. దానికి విత్తనం కంటె, వేళ్ళతో కూడిన తీగ ముక్కలే మేలు. నీరు నిలువకుండ నేలను కొంచెం వాలుగా చదునుచేసి, ఆగస్టు జల్లులలో మూడు నాలుగు అంగుళాల ఎడంగా నాటితే, పెద్దవానలు వచ్చేసరికి గరిక నేలను గట్టిగా పట్టుకొంటుంది. మణకుళ వినాయకుని సన్నిధికి భక్తులు గరికమాలలు తెచ్చే చవితి పండుగ కూడా ఇంచుమించు ఆ రోజులలోనే వస్తుంది.

పరదేశపు సలహాను త్రోసిపుచ్చవలసిన పని లేదు. అందులోని తేదీని అక్కడే విడిచి, కారణాన్ని మాత్రం తెచ్చుకొనాలి. వేరు నిలదొక్కుకొన్న తరువాతనే కష్టకాలం రావాలన్నది ఆ కారణం. అది ఏ దేశపు మట్టికైనా వర్తిస్తుంది.