ఎక్కేలోపే... దిగాలి!

విమానం ఎక్కి, సీటుబెల్టు పెట్టుకుని, కిటికీలోంచి అలా కిందికి చూస్తుండగానే 'ఊరొచ్చేసింది, దిగండి' అంటే? స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవుల్లో నిజంగానే అలా అవుతుంది. అక్కడ వెస్ట్రే దీవి నుంచి పాపా వెస్ట్రేకి విమానదూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్ ప్రకారం ప్రయాణం రెండు నిమిషాలు. గాల్లో ఉండేది చాలాసార్లు నిమిషంన్నరే! రోజువారీ నడిచే విమాన సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది ఇదే. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు. అంటే ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఆ రన్‌వే కన్నా తక్కువన్నమాట!

53 సెకన్ల రికార్డు

లోగన్‌ఎయిర్ సంస్థ 1967లో ఈ సర్వీసుని మొదలుపెట్టింది. నడిపేది ఐలాండర్ అనే బుల్లి విమానం. రెండు ఇంజిన్లు, ఒక పైలట్, ఎనిమిది మంది ప్రయాణికులు... అంతే. ఎయిర్‌హోస్టెస్ ఉండదు. టీ, కాఫీల ఊసే లేదు. అదృష్టం బాగుంటే పైలట్ పక్క సీట్లోనే కూర్చోవచ్చు.

దూరం మారకపోయినా సమయం మాత్రం గాలిని బట్టి మారుతుంది. వెనక నుంచి గాలి తోడైతే ఇంకా తొందరగా చేరిపోవచ్చు. స్టూవర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలోనే దీవి దాటించి రికార్డు సృష్టించాడు. 2013లో పదవీ విరమణ చేసేనాటికి ఈ దారిలో ఆయన 12 వేలసార్లకు పైగా తిరిగాడు!

సరదా కోసం కాదు

ఇంత దగ్గరకి విమానమెందుకూ అనిపిస్తుంది కదూ. మధ్యలో ఉన్నది సముద్రం మరి. పడవలో అయితే పాతిక నిమిషాలు పడుతుంది. అదీ వాతావరణం బాగుంటేనే. చలికాలం ఈదురుగాలులు మొదలైతే పడవ కదలడమే కష్టం. పైగా ఈ విమానం వచ్చేది ఓర్క్నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్ నుంచి. దారిలో రెండు దీవుల్నీ పలకరిస్తుంది కాబట్టే ఈ రెండు నిమిషాల మజిలీ.

2011 జనాభా లెక్కల్లో పాపా వెస్ట్రేలో ఉన్నది 90 మంది. అంత చిన్న ఊళ్లో అన్ని సబ్జెక్టులకీ టీచర్లనీ, పెద్ద ఆసుపత్రినీ పెట్టలేరు కదా. అందుకే టీచర్లూ వైద్యులూ ఈ విమానమెక్కి వస్తారు. రోగులు ఇదే విమానమెక్కి పట్నానికి వెళతారు. మన పల్లెలకి ఆర్టీసీ బస్సు ఎలాగో వాళ్లకి ఇది అలాగ. లాభం కోసమే అయితే ఇలాంటి సర్వీసు నిలవడం కష్టం. అందుకే స్థానిక కౌన్సిల్ దీన్ని ప్రజాసేవగా భావించి, కాంట్రాక్టు ఇచ్చి మరీ నడిపిస్తోంది. పొగమంచు కమ్మి విమానం ఆగిపోయిందంటే ఆ రోజు దీవిలో ఎన్ని పనులు ఆగుతాయో ఊహించుకోవచ్చు.

దిగాక చూడాల్సిందే

చిన్న ప్రయాణం చేశామని చెప్పుకోవడానికే కొందరు పర్యటకులు ఇక్కడికి వస్తారు. దిగినవాళ్లు వెంటనే వెనక్కి తిరిగితే మాత్రం అసలైంది చూడనట్లే. ఒడ్డునే నాప్ ఆఫ్ హోవర్ అనే రెండు రాతి ఇళ్లున్నాయి. క్రీస్తుపూర్వం 3700 ప్రాంతంలో రైతులు కట్టుకున్నవి. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి! గోడలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. అయిదు వేల ఏళ్లకు పైగా మనుషులు విడిచిపెట్టని నేల అది. ఇప్పుడు అక్కడి పిల్లలూ పెద్దలూ ఊరు వదిలిపోకుండా ఉండటానికి ఈ రెండు నిమిషాల ప్రయాణమే పెద్ద ఆసరా!