కాన్వాసంతా ఆమే

ఆ బొట్టు చూశారా! రూపాయి బిళ్ల కంటే పెద్దది, ఎర్రటి ఎరుపు, నుదురంతా నాదే అన్నట్టు కూర్చుంది. తోట వైకుంఠం గారి బొమ్మ ముందు నేను మొదటిసారి నిలబడింది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫ్రేముల షాపులో. ఎవరో అద్దం వేయమని ఇచ్చిపోయిన ప్రింటు అది. నకలే ఇంత పట్టేస్తే అసలుది ఇంకేం చేస్తుందో!

ఎర్రచీర, పసుపు అంచు, పచ్చ రవిక. ముక్కుకు పుడక. భుజం దగ్గర మొదలైన నల్లగీత మోచేతి దాకా ఎక్కడా తడబడకుండా దిగింది. ఒళ్లు నల్లన. దాన్ని తెల్లబరచాలన్న ఆలోచన ఆ కుంచెకు కలలో కూడా రాలేదు. కళ్లు పక్కకు తిరిగి ఉన్నాయి, మనం చూస్తున్నామా లేదా అన్నది ఆమెకు పట్టనే పట్టదు. వెనక మేడ లేదు, చెట్టు లేదు. చోటంతా ఆమెదే.

ఆడవాళ్ల బొమ్మలు మనకు కొత్త కాదు. దక్కన్ చిత్రకారులు రాణి చాంద్ బీబీని గుర్రమెక్కించి, చేతిమీద డేగను నిలిపి గీశారు. 1595లో అహ్మద్‌నగర్ కోటను మొఘలుల చేతికి పోకుండా నిలబెట్టిన మనిషి, ఆ ఠీవి ఆమెకు తగినదే. రవివర్మ దమయంతి సరేసరి, అచ్చుబొమ్మలుగా ఇల్లిల్లూ తిరిగిన అందం. రాణికి డేగ కావాలి, దమయంతికి హంస కావాలి. వైకుంఠం గారి బొమ్మలో ఈమెకు ఏదీ అక్కర్లేదు. ఒట్టి చేతులతోనే నిండుగా ఉంది.

ఎవరీ వైకుంఠం గారు అని వెతుకుతూ పోతే ఆశ్చర్యం మీద ఆశ్చర్యం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లను కళ్లప్పగించి చూసేవారట. అది తెలిశాక ఆ బొట్టు సైజు, ఆ నిలబడే తీరు నాకు ఇట్టే అర్థమయ్యాయి. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా కనిపించాల్సిన ముఖం అది!

ఇంకోటి చెప్పాలి. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నది ఈయనే. దొర గడీలో తన ఒంటిమీద కూడా తనకు హక్కులేని ఆడబిడ్డ కథ అది. ఆ గడీ గోడల్ని, ఆ చీకటిని తెరమీద నిలబెట్టిన చెయ్యే ఈ రంగులు కూడా వేసింది. ఆ సినిమా తలచుకుని ఈ బొమ్మ చూస్తే, ఆమె ఆక్రమించిన ఆ చోటు విలువెంతో తెలిసి నాకు ఒళ్లు జలదరించింది.

ఒక్కటే గుచ్చుకుంటోంది. ఈమెకు పేరు లేదు. చాంద్ బీబీకి ఉంది, దమయంతికి ఉంది. తెలంగాణ ఆడమనిషి అనగానే అందరికీ ఈ ముఖమే మెదులుతుంది గానీ ఫలానా ఎల్లమ్మ అనో, ఫలానా లక్ష్మి అనో చెప్పలేం.

సరూర్‌నగర్ రైతుబజారులో తెల్లారకముందే గోంగూర కట్టలు దించే అక్కలున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో గంప కిందపెట్టి బస్సును ఆపే అమ్మలున్నారు. అవే భుజాలు, అదే చూపు. ఈ పెయింటింగులు చదువుకునే పిల్లలెవరైనా ఉంటే ఒక్క మాట: వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి, ఇంతే పెద్ద కాన్వాసు మీద గీయండి. కింద ఆమె పేరు, ఊరి పేరు తెలుగులో రాయండి. ఫ్రేము ఖర్చు నాది.