అమ్మ చేతికి తొడుగు

మైపాడు నుంచి తెచ్చిన వంజరం. పులుసు దాకలో కుతకుతలాడుతోంది. అమ్మ ఎప్పట్లాగే మసిగుడ్డ పట్టి దింపబోయింది. వేళ్లు బిగుసుకోలేదు. దాక జారి సగం పులుసు పాదం మీద పడింది. కుళాయి కింద కాలు పెట్టిస్తుంటే ఆమె బాధల్లా, 'పులుసంతా పాయెనే!' అనే.

అమ్మకు కీళ్లవాతం. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు మడత పడవు. అయినా చేపల పులుసు ఇంకొకరికి వదలదు. మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలో మాకు తెలీదట!

నెల్లూరు వెళ్లి తొడుగులు కొన్నాను. దూది కూరి కుట్టినవి, దిండంత లావు. నా చేతికి తొడిగి చూసుకుని మురిసిపోయాను. తప్పంతా అక్కడే. అమ్మ వేళ్లు అందులో దూరడానికే అవస్థ. దూరాక మూత పిడి చేతికి తగలనే లేదు. ఉన్న కాస్త బలం తొడుగును వంచడానికే సరిపోతే ఇక దాకనేం పట్టుకుంటుంది?

ఈసారి వెనక్కిచ్చే ఒప్పందం మీద నాలుగు రకాలు తెచ్చాను. చేతులు బాగా పట్టేసే వేళ, పొద్దున్నే తొడిగించాను. పల్చటి గుడ్డకు అరచేతి వైపు సిలికాన్ చారలున్నది గెలిచింది. మణికట్టు దగ్గర వదులు. లోపల వేడి పులుసు పడితే విదిలిస్తే ఊడిపోవాలి కదా! ఒకటే షరతు, అది తడవకూడదు. తడి గుడ్డలోంచి వేడి చర్రున దిగుతుంది.

చేపలు కోయడానికి కత్తికి తెగని అల్లిక తొడుగులు వేరే ఉన్నాయి. చాకు వాడేవాళ్లకు చేప పట్టే చేతికొక్కటి చాలు. కత్తిపీటకైతే రెండూ కావాలి. ముల్లు మాత్రం అల్లిక సందుల్లోంచి గుచ్చుకుంటుంది. అమ్మ వీటిని చూసి, 'బూడిద అద్దుకుంటే చాల్లేమ్మే' అంది. రెండు రోజులు వేసుకోలేదు. మూడోరోజు నేను చూడనప్పుడు వేసుకుంది.

తొడుగు వచ్చినంత మాత్రాన దాక బరువు తగ్గదుగా! అందుకే ఇప్పుడు దించడమే మానేశాం. స్టవ్ కట్టేసి, అక్కడి నుంచే గరిటెతో వడ్డించుకుంటున్నాం. నెల్లూరు పులుసు ఎలాగూ మర్నాటికే రుచి. తొడుగు మూత తీయడానికీ, దాక కదలకుండా అంచు పట్టుకోవడానికీ.

మసిగుడ్డ మాత్రం ఇంకా అమ్మ భుజం మీదే ఉంది.